గొళ్ళెం పెట్టిన చేయి

ఏళ్ల తరబడి ఈ మాట గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. నా భర్తకు తెలియదు. పాస్టరుగారికి తెలియదు. మీ ముఖం నేనెప్పుడూ చూడలేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా తమ్ముడి భార్య మా మీద వేధింపుల కేసు పెట్టింది. తమ్ముడి మీద, అమ్మ మీద, నా మీద. పుట్టిల్లు నాయుడుపేట, నా కాపురం ముత్తుకూరులో. ఫిర్యాదులో నా గురించి ఉన్నది ఒక్క ముక్క, ఆడబిడ్డ కూడా బాధలు పెట్టిందని. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేసిందో లేదు. అమ్మ గురించి మాత్రం వివరంగా ఉంది. పాలు తాగే బిడ్డను బయట ఉంచుకుని, తనను వెనక గదిలో పెట్టి గొళ్ళెం వేసిందని.

లాయరుగారు చదివి నవ్వారు. వేరే ఊళ్లో ఉన్న ఆడబిడ్డను ఊరికే ఇరికించారని, ఇలాంటివి నిలబడవని, హైకోర్టులో పిటిషన్ వేసి కొట్టేయిద్దామని అన్నారు. "మీరేం చెయ్యలేదు కదమ్మా?" అని అడిగారు. లేదన్నాను. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట! నా మీద కేసు కొట్టేశారు. అమ్మ మీద ఉండిపోయింది.

గొళ్ళెం పెట్టింది నేను.

ఆ రోజు నేను పుట్టింట్లోనే ఉన్నాను. తమ్ముడితో గొడవపడి ఆమె వెళ్లిపోతానంది. బిడ్డను అమ్మ చేతికిచ్చి, చీరలు సర్దుకోవడానికి గదిలోకి వెళ్లింది. నాకు ఒళ్లు మండి తలుపు లాగేశాను. "అత్తా, తలుపు తియ్యత్తా, బిడ్డ ఏడస్తా ఉండాడు" అని లోపలి నుంచి బాదింది. తలుపు వేసింది అమ్మే అనుకుంది. నేను పలకలేదు. అమ్మ తీయబోతే చేయి పట్టుకుని ఆపాను, పొద్దు వాలేదాకా. ఎందుకు పలకలేదు? గొంతు గుర్తుపడుతుందని భయపడ్డానా, లేక ఆమె అలా బతిమాలుతుంటే వినడం నాకు బాగుందా? ఇక్కడికి వచ్చేసరికి నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కేసు కొట్టేసిన ఆదివారం పుట్టింటి చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. దేవుడు నన్ను నిందలోనుంచి విడిపించాడన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. ముందు చాప మీద కూర్చున్న అమ్మ కూడా అంది. అప్పటినుంచి ఇలాంటి కేసుల్లో ఇరుక్కున్న భర్త తరఫు బంధువులను పాస్టరుగారు నా దగ్గరికి పంపుతున్నారు. మీరు ఫలానా పని చేశారని ఫిర్యాదులో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే హైకోర్టుకు వెళ్లండి అని చెబుతుంటాను. వాళ్లలో నిజంగా ఏ పాపమూ ఎరగనివాళ్లు ఎందరో. నాకు దండం పెట్టి వెళతారు.

ఆ ఆదివారమే చర్చి బయట అమ్మతో అన్నాను.

"నిజం చెప్పేస్తానమ్మా."

"చెప్పబాక. నీకు కాపురముండాది. ముసలిదాన్ని, నన్నేం చేస్తారు?"

"నువ్వు చెయ్యలేదు గదా."

"తియ్యనూ లేదు గదా నేను. ఆ బిడ్డ ఏడస్తా ఉంటే ఎత్తుకోని నిలబడినా."

వచ్చే వాయిదాకు ఆ అమ్మాయి బోనెక్కుతుంది. గొళ్ళెం పెట్టింది అత్తేనని ప్రమాణం చేసి చెబుతుంది. ఆమె అబద్ధమాడదు, ఆమెకు తెలిసింది అంతే. అమ్మ నోరు విప్పదు. నేను వెనక బెంచీ మీద ఉంటాను. లేస్తానో లేవనో నాకే తెలియదు. లేస్తే నా కాపురం, లేవకపోతే అమ్మ.

ఆ రోజు తలుపు ఇవతల పలకకుండా నిలబడింది నేను. ఇన్నాళ్లకు పలికాను, మీ దగ్గర. కాస్త ఊపిరాడుతోంది. తలుపు అవతలున్న ఆమె దగ్గర మాత్రం ఇంకా పలకలేదు.