పల్లీల చప్పుడు ఆగితే

పోయిన సోమవారం జనగామ బస్టాండులో దిగుతుండగా ఫోన్ వచ్చింది. నాకు పని నేర్పిన కొడకండ్ల అక్క నిద్రలోనే పోయిందట. నిజం చెప్తాను, నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. నెలాఖరున సర్వర్‌లోని పాత ఫైళ్లు తుడవాలి, ఇక ఎవరికి ఫోన్ చేయను? ఆ ఆలోచనకు సిగ్గుపడి, తర్వాత ఏడ్చాను.

మేమిద్దరం ఒక రక్తపరీక్షల కేంద్రంలో పనిచేశాం. రోగుల రిపోర్టులుండే, మౌస్ లేకుండా కమాండ్లు టైపు చేసి నడిపే లినక్స్ సర్వర్‌ను అక్కే చూసుకునేది. గూడూరు దగ్గరి తండా నుంచి వచ్చిన నాకు ఆ నల్ల తెరను చూస్తేనే భయమేసేది. తప్పు కొట్టినా, నిజంగానేనా అని అడిగే దిక్కు ఉండదు అందులో.

అక్క పద్ధతి ఒకటే. కమాండ్ టైపు చేశాక చేతులు ఒళ్లో పెట్టుకుని, అది ఏం చేయబోతోందో ఇంటి భాషలో పైకి చెప్పాలి. "మీ లంబాడీ భాషల చెప్పు చెల్లె. చెప్పరాకుంటే ఎంటర్ నొక్కకు" అనేది. ఆమెకు లంబాడీ ఒక్క ముక్క రాదు. వేయించిన పల్లీలు నములుతూ, కళ్లు మూసుకుని వినేది.

ఒకసారి సర్వర్ రోజూ రాసుకునే చిట్టాలు, ఆ పాత లాగ్ ఫైళ్లు తుడిచే కమాండ్ చెప్తుంటే నమలడం ఆపింది.

"ఆగు. ఆడ నీ నోరు తడబడ్డది. ఏమున్నదో చూడు."

చూస్తే, రిపోర్టుల ఫోల్డరులోని లాగ్‌లకు వెళ్లే చిరునామా టైపు చేసినప్పుడు మధ్యలో ఒక స్పేస్ పడింది. నొక్కితే స్పేస్‌కు ముందున్న ఫోల్డరు మొత్తం తుడుచుకుపోయి, రిపోర్టులన్నీ పోతాయి. నకలు ఉంది గానీ వారం పాతది. ఆ వారం వచ్చినవాళ్లంతా మళ్లీ సూది గుచ్చించుకోవాలి. ఈ పని నాతో కాదని లేచాను. అక్క తిట్టలేదు, చాయ్ తెప్పించింది.

"భయం ఉండనియ్. నాకు గూడ ఉన్నది. అది పోయిన్నాడు నేను ఈ కుర్చీల కూసుండ."

అక్క ఉద్యోగం మాని ఊరికి వెళ్లి, సర్వర్ నా చేతికొచ్చాక కూడా నేను చెప్పేది ఫోన్‌లో వినేది. అటునుంచి పల్లీలు నమిలే చప్పుడు వచ్చేది. అది ఆగిందంటే నా ప్రాణం పోయినంత పనయ్యేది.

నిన్న నెలాఖరు. టైపు చేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని చెప్పాను. ఎక్కడా తడబడలేదనే అనుకున్నాను. కానీ చప్పుడు లేదు. ఇన్నేళ్లూ చప్పుడు లేదంటే ఆగమని అర్థం. మళ్లీ చెప్పాను. మూడోసారి కళ్లు మూసుకుని, నా గొంతు నేనే విన్నాను.

నొక్కాను. రిపోర్టులు తెరిచి చూశాను, అన్నీ ఉన్నాయి. చేతులు మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాను. భయం పోలేదు, కుర్చీలోంచి లేవలేదు.