ఇంజనుకు ఆనించిన చెవి

ముందే ఒప్పుకుంటున్నాను, నేను కోతలరాయుణ్ణి. మా ఇంట్లో వాళ్లు నా మాటను సగానికి కోసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేసి నమ్ముతారు. మీరూ అలాగే చదవండి.

నాకు పాతికేళ్ల కిందటి ఎర్రటి స్పోర్ట్స్ కారు ఒకటి ఉండేది. రెండే సీట్లు. నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే, ప్రొద్దుటూరు బజారులో మేకలు నన్ను పైనుంచి కిందికి చూసేవి. ఒకసారి జమ్మలమడుగులో స్పీడ్ బ్రేకర్ మీద పొట్ట ఆని తక్కెడలా నిలబడింది. నేను తుమ్మితే ముందుకు ఒరిగేది, ఆవులిస్తే వెనక్కి.

దానికి దిక్కు ప్రొద్దుటూరులో ఒకే ఒక మెకానిక్. ఇరవై ఏళ్లు గల్ఫులో షేకుల కార్లు విప్పి వచ్చిన సాయిబు. నాకంటే పెద్ద, మామా అనేవాణ్ణి. ఊళ్లో కంప్యూటరు తగిలించి రోగం చెప్పే షెడ్లు వచ్చినా ఆయనకు మూరెడు స్క్రూడ్రైవర్ చాలు. మొన ఇంజనుకు, పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకునేవాడు. అంతసేపూ షెడ్డులో ఎవడూ దగ్గకూడదు. పులివెందుల నుంచి కూడా బండ్లు ఆ చెవిని నమ్ముకునే వచ్చేవి. ఆ చెవే ఆయన అన్నం.

ఒకనాడు ఇంజను అడుగున ఎవరో తలుపు తట్టినట్టు శబ్దం మొదలైంది. టక్, టక్. షెడ్డుకు తీసుకుపోయాను.

"ఏందప్పా, మీ ఇంటామె సవతిని మళ్లా తోలుకొచ్చినావా?" అన్నాడు.

"అడుగున ఏందో కొడ్తాంది మామా."

"నువ్వు చెప్పగాకు. అదే చెప్తాది."

పిడి చెవికి పెట్టుకున్నాడు. మామూలుగా నిమిషం పట్టే పని. ఆ రోజు స్క్రూడ్రైవర్ ఇంజనంతా తిరిగింది. చివరికి "పైన టాపెట్లు లూజైనాయి, ఇంకేం ల్యా" అని వాటిని బిగించి, మళ్లీ స్టార్ట్ చేయించాడు. పిడి చెవికి ఆనించుకుని, కళ్లు తెరవకుండానే అడిగాడు.

"పోయిందా అప్పా?"

శబ్దం గురించి ఆయన ఇంకొకర్ని అడగడం నేనెప్పుడూ చూడలేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. జమ్మలమడుగు నుంచి జీపు తెచ్చినాయన ఒకడు తన వంతు కోసం చేతులు కట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద బస్సొకటి పోయింది. దాని హారన్‌కు ఎదురు హోటల్లో పెనం మీది దోసె తనంతట తానే తిరగబడింది. ఆ మోతలో నాకేమీ వినబడలేదు.

"పోయింది మామా" అన్నాను.

రిపేరు చేసిన బండిలో తనే కూర్చుని పోయి చూడటం ఆయన పద్ధతి. "పులివెందుల దాకా పోదాం పా" అన్నాడు. తొండూరు ఇంకా రాకముందే కింద తుపాకీ పేలినట్టయింది. లోపలి రాడ్డు విరిగి, ఇంజను పక్కను చీల్చుకుని బయటికొచ్చింది. వెనక రోడ్డంతా నల్లటి ఆయిల్.

ఆయన కిందికి దిగి, ఆ బొక్కలో వేలు పెట్టి చూశాడు. చాలాసేపు తీయలేదు.

"బేరింగు. శానా దినాల్నుంచి కొట్టుకుంటాండాది. నాకు చెప్తానే ఉండాది." వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "నాకు ఇనపళ్యా. నీకు?"

"బస్సు మోతలో నాకూ ఇనపళ్యా మామా."

"అట్లనా" అన్నాడు.

ట్రాక్టరుకు తాడు కట్టి ప్రొద్దుటూరు దాకా లాక్కొచ్చాం. తను బాగుచేసిన కారులో మామ అలా బజారు మధ్య నుంచి రావడం ఊరంతా చూసింది. మరునాడు జీపాయన వచ్చి తన బండి తోలుకుపోయాడు. తక్కినవాళ్లు అసలు రావడమే మానేశారు. ఇప్పుడాయన టైర్లకు గాలి పడతాడు. మీటరులో ముల్లు చూస్తే చాలు, చెవులతో పని లేదు. నన్ను చూస్తే తలూపుతాడు. నేనూ ఊపుతాను.

మేకలనూ తక్కెడనూ మీరు ఎంతకు కోసుకుంటారో మీ ఇష్టం, వాటిలో కాస్తో కూస్తో నిజముంది. పూర్తిగా కల్పించింది బస్సునొక్కదాన్నే. ఆ పూట ఆ రోడ్డు మీద ఏ బస్సూ రాలేదు. ఆ రోజు ఆయనతో బస్సు మోత అని చెప్పిందీ అబద్ధమే. వినబడని మనిషి, రాని బస్సును రాలేదని ఎలా అంటాడు?

షెడ్డులో ఎవరూ దగ్గలేదు. టక్, టక్ అని నాకు శుభ్రంగా వినబడింది.