సగం ధరకు వచ్చిన తీగ

నా చిన్నప్పుడు నేను చేసిన బేరాలన్నింటిలోకీ గొప్పది ఏదంటే, దమ్మపేట పాత సామాన్ల దుకాణంలో రాగి తీగను సగం ధరకు కొట్టుకురావడం. పన్నెండేళ్లకే అంతటి పని చేసినవాడు మా ఇంటా వంటా లేడు. ఎంత గొప్ప బేరమంటే, నన్ను అంకుల్ అని పిలిచే పిల్లలు ఊరంతా తయారైన ఈ వయసులో కూడా, అన్నం కలిపే ముందు ఒకసారి చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంటాను.

మాది అడవి అంచున ఉన్న ఊరు. ఇప్పపువ్వు, చింతపండు కొనేదీ, పైపులు, తాళ్లు, మేకులు అమ్మేదీ ఒకటే దుకాణం, అదే మా ఇల్లు. నాన్న ధర చెప్పే ముందు గొంతు సవరించుకునే తీరును బట్టి ఎంత పెంచబోతున్నాడో నాకు తెలిసిపోయేది. ఆ ఇంట్లో బేరం చేతకాని మనిషి ఒక్కడే, మా మామయ్య, అమ్మ తమ్ముడు. ఎవరెంత ఇస్తే అంత పుచ్చుకునేవాడు. అందుకే నాన్న ఆయన్ని గల్లాపెట్టె దగ్గరికి రానివ్వకుండా వెనక పైపుల కొట్లో కూర్చోబెట్టాడు.

మామయ్యకు రేడియో పిచ్చి. పాటలు వినే రేడియో కాదు. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, సొంతంగా చేసుకున్న సెట్టుతో ఎక్కడెక్కడి మనుషులతోనో చుక్కలూ గీతల భాషలో మాట్లాడుకునే రేడియో. సెట్టంతా ఒక టిఫిను డబ్బాలో పట్టేది. టార్చిలైటు సెల్లులతో నడిచేది. మా వైపు అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు వస్తున్నాయి. దుకాణానికి వచ్చినవాళ్లు, "సెల్లు కొనుక్కోరాదయ్యా, గీ వడ్రంగిపిట్ట లెక్క కొట్టుడేంది?" అని ఆయన్ని ఆటపట్టించేవారు. "సెల్లుకు బిల్లొస్తది, పిట్టకు రాదు" అని నాన్న జవాబిచ్చేవాడు. అందులో మెచ్చుకోలు ఎంతో, వెటకారం ఎంతో నాకిప్పటికీ తేలలేదు.

ఆయన ప్రయోగమల్లా తగ్గించడమే. ఇంత పవరుతో ఒక మనిషి దొరికితే, మర్నాడు అందులో సగంతో అదే మనిషి కోసం ప్రయత్నించేవాడు. అదీ అందితే ఇంకా తగ్గించేవాడు. చివరికి జీరో బల్బు కూడా వెలగనంత కరెంటుతో సముద్రం అవతలికి పిలుపు పంపేవాడు. తక్కువ పెట్టి ఎక్కువ రాబట్టడం కదా, దుకాణాల్లో పెరిగినవాణ్ణి, నాకు అది ఆకాశంతో చేసే బేరంలా కనిపించింది. రోజూ సాయంత్రం ఆయన పక్కన చేరేవాణ్ణి.

ఒకటే కష్టం. ఏరియల్‌గా వాడుకునేది పెరట్లో బట్టలారేసే ఇనుప తీగ. అమ్మ తడి చీర ఆరేసిందంటే శ్రీలంక పోయేది. జపానులో ఒకాయన పిలుపు మామయ్యకు రోజూ వినిపించేది కాని, మామయ్య పిలుపు ఆయనకు చేరేది కాదు. పవరు పెంచితే ఎప్పుడో చేరేది. మామయ్య పెంచడు. మంచి రాగి తీగను ఎత్తుగా కడితే, పెంచకుండానే చేరుతుందని ఆయన ఆశ. కొన్నాళ్లు బీడీలు మాని ఆ డబ్బు కూడబెట్టి నా చేతికిచ్చి, నాన్న సరుకు ఆటోలో దమ్మపేట పంపాడు.

పాత సామాన్ల దుకాణం వాడు తీగ చుట్టను ముందు వరసలోంచి కాక, వెనక గోనెసంచుల అడుగునుంచి లాగాడు. నేను అది గమనించాను. దాచిన సరుకంటే తొందరగా వదిలించుకోవాల్సిన సరుకని మా ఇంట్లో ఎవరూ విడిగా నేర్పనక్కరలేదు. వాడు ధర చెప్పగానే సగానికి అడిగాను. "జల్దీ తీస్కపో" అన్నాడు. అంత సులువుగా ఒప్పుకున్నవాణ్ణి అనుమానించాల్సింది పోయి, ఇంకా తగ్గించి అడగాల్సిందని దారంతా బాధపడ్డాను.

తీగకు కాగితం చుట్టి ఉంది. ఆ కాగితం ఏదో నూనెలో నానినానీ నల్లగా జిగురుపట్టి, మాడిన పొయ్యిలో ఎలుక చచ్చినట్టు కంపు కొడుతోంది. పెరట్లో కూర్చుని గోళ్లతో ఒలిచాను. ఒలిచినకొద్దీ బంక గోళ్ల సందుల్లోకి పోయేది. కుంకుడుకాయతో కడిగాను, కిరోసిన్‌తో కడిగాను. ఆ రాత్రి పప్పన్నం నోట్లో పెట్టుకుంటే నూనె కంపే తగిలి, లేచిపోయాను. "వాసనేందిరా?" అని మామయ్య ఒకసారి అడిగాడు. "పాత మోటరు తీగ మామా" అన్నాను. మళ్లీ అడగలేదు.

మర్నాడు పెరటి టేకు చెట్టు నుంచి డాబా మీది గుంజకు తీగ కట్టాడు. పొద్దు వాలుతుండగా జపానాయన జవాబిచ్చాడు. మామయ్య మీట మీద వేలు పెట్టి ఏడ్చాడు, లేదా చెమట తుడుచుకున్నాడు, నాకు తెలియదు. రేపు ఇదే వేళకు ఇందులో సగం పవరుతో పిలుస్తాను, వినమని ఆయన్ని అడిగాడు. ఆయన సరేనన్నాడు.

ఆ మర్నాడు పొద్దున్నే మా దుకాణంలో ఖాతా ఉన్న రైతు ఒకాయన వచ్చాడు. నేను కాకా అనేవాణ్ణి. వాగు నుంచి నీళ్లు లాగడానికి పైపు కావాలన్నాడు. ఇంజను కిరాయికి తెచ్చాడట. "మా ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పి రాగి ఎత్కపోయిండ్రు సేటూ. నూనె అంత కాల్వల పారబోసిండ్రు. ఇంకోటి వచ్చెటాలకు మిరప తోట ఉంటదో పోతదో" అన్నాడు. చెప్తూ చెప్తూ ఆగి గాలి పీల్చాడు. తరవాత తన భుజం మీది తువ్వాలు వాసన చూసుకున్నాడు. "ఏమనుకోకుండ్రి, నా బట్టలకే పట్టినట్టున్నది" అని సిగ్గుపడి కాస్త దూరం జరిగాడు.

ఆ కంపు నాది. ఆయన తనదనుకుని జరిగాడు.

ఆయన వెళ్లాక, పైపు కొలిచి ఇస్తూ అంతా విన్న మామయ్య డాబా ఎక్కి తీగ విప్పాడు. చుట్ట చుడుతూ, "పేపర్ చుట్టిన తీగ ట్రాన్స్‌ఫార్మర్ల ఉంటదని నాకు ఎర్కలేదా? ఉన్నది. జపానోడు ఇనాలె అని అడగలే" అన్నాడు. సాయంత్రం పిలుపు సంగతేమిటన్నాను. పొద్దు తిరిగి కొట్టు పని తెమిలాక నన్ను ఎక్కించుకుని సైకిలు తీశాడు. కాకా పొలం గట్టు దగ్గర చుట్ట నా చేతిలో పెట్టాడు. "కొన్నది నువ్వు. ఇచ్చే బేరం గూడ నువ్వే చెయ్." తను గట్టు మీదే కూర్చున్నాడు.

కాలవలో నీళ్ల మీద రంగులు తేలుతున్నాయి. అంచున కప్పలు వెల్లకిలా ఉబ్బి పడి ఉన్నాయి. ఎక్కడ కొన్నదీ, ఎవరి దగ్గర కొన్నదీ కాకాకు చెప్పాను. కాకా చుట్టను తిప్పి చూశాడు. "ఇగ ఇది పనికిరాదు బిడ్డా, కోసిండ్రు" అన్నాడు. తిడతాడని నిలబడ్డాను. ఆయన రొండిన దోపుకున్న సంచి తీసి, "ఎంతకు కొన్నవ్?" అన్నాడు. చెప్పాను. "పిలగానివి, నీ పైసలెందుకు పోవాలె. నీ తిప్పలు గూడ ఉన్నయ్ గద" అని దాని మీద ఇంకొంత కలిపాడు. నేను వద్దన్నాను, సగం చాలన్నాను, ఆఖరికి ఊరికే తీసుకోమన్నాను. ఎదుటివాడు పెంచుతుంటే నేను తగ్గించిన బేరం నా జన్మలో అదొక్కటే. గట్టు మీద మామయ్య తల ఎత్తలేదు. చివరికి డబ్బు తీసుకోకుండా బయటపడ్డాను కాని, కాకా భార్య నా సంచిలో దోసకాయలు వేయకుండా ఊరుకోలేదు.

దారిలో ఒకటి కొరికాను. నీళ్లందని పాదు కాయ, విషంలా చేదు. ఆమెకు తెలియదు పాపం, రుచి చూడకుండానే, ఉన్నవాటిలో మంచివి ఏరి ఇచ్చింది. సైకిలు ఆపించి రోడ్డు పక్కన కక్కుకున్నాను. మామయ్య నా తల పట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే కాకా, పక్క పొలాలవాళ్లు కలిసి పాత సామాన్ల దుకాణానికి పోయారు. తాళం వేసి ఉంది. వెనక కాలిన కాగితం బూడిద తప్ప ఏమీ మిగల్లేదు. మేం ఇల్లు చేరేసరికి జపానాయనకు చెప్పిన వేళ దాటిపోయింది. అయినా మామయ్య, అమ్మ ఆరేసిన చీర తీయించి ఇనుప తీగకే సెట్టు తగిలించి చాలాసేపు పిలిచాడు. ఆ రోజూ అందలేదు, ఆ తరవాతా అందలేదు. పవరు మాత్రం పెంచలేదు. ఆయన ఎంత తగ్గించినా తన వాటాలోంచే తగ్గించుకునేవాడని, నేను తగ్గించింది మాత్రం మరొకరిదని నాకు ఎప్పటికో అర్థమైంది.

కొన్నాళ్లకు మొదటి రోజు మాటలకు గుర్తుగా జపాను నుంచి కార్డు వచ్చింది. అలాంటివన్నీ మామయ్య గోడకు అంటించేవాడు. అది మాత్రం నాకిచ్చి, "తీగె నీది, కార్డు గూడ నీదే" అన్నాడు.

అది ఇప్పుడు నా దుకాణం గల్లాపెట్టెలో అడుగున ఉంది. ఎవరైనా సరుకు మరీ చవగ్గా ఇస్తానంటే, చెయ్యి దాని మీదికి పోతుంది. ఎక్కడిదని అడుగుతాను. చెప్పనివాళ్లే ఎక్కువ, వాళ్ల సరుకు ఎత్తించి పంపేస్తాను. వ్యాపారం కొంత దెబ్బతింటుంది, అది వేరే సంగతి.

ఇక లెక్క. కాకాకు ఆ ఏడు మిరప తోట సగం ఎండిపోయింది. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌లో నేను కొన్నది ఒక్క చుట్టే, నిజమే. నాలాంటివాడు కొంటాడనే మిగతాదీ విప్పారు, అదీ నిజమే. మామయ్యకు జపాను పోయింది. నాకు మిగిలింది ఒక కార్డు, గోళ్లలో లేకపోయినా తగిలే కంపు. తీగను సగం ధరకు కొన్నానని గొప్ప చెప్పుకున్నాను కదా, కాదు. దాని ధర పూర్తిగానే చెల్లింది. సగం మామయ్య బీడీల డబ్బు. మిగతా సగం కాకా తన మిరప తోటతో కట్టాడు.