పెద్దమ్మ నాలుక మీద నా అనువాదం

శత్రువు గెలిచాడన్న కబురును మన విజయంగా చదివి లడ్డూలు పంచిన మేధావిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. ఆ ఘనకార్యం మా పెద్దమ్మ ప్రాణం మీదికి తెచ్చింది.

అప్పట్లో మలేసియాలోని క్లాంగ్‌లో మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు దంచేవాణ్ణి. ఇంట్లో ఇంగ్లిషు మాట వినబడితే చెవిలో చీమ దూరినట్టు ఎగిరిపడి, దాన్ని తెలుగు చేసేదాకా ఊరుకునేవాణ్ణి కాదు. పెద్దమ్మకు చక్కెర జబ్బు. నోట్లో తెల్లటి పూత వస్తే, ఆసుపత్రిలో ఈస్టు అనే బూజు సోకిందన్నారు. ఫ్లూకొనజోల్ మాత్రలకు తగ్గకపోయేసరికి ఆ పూతను పరీక్షకు పంపి, ఫలితం తీసుకుని శుక్రవారం రమ్మన్నారు.

కాగితం నా చేతిలో పడింది. మందు పేరు పక్కన ‘రెసిస్టెంట్’ అని ఉంది. నిఘంటువు తీశాను. రెసిస్టెన్స్ అంటే నిరోధక శక్తి!

“పెద్దమ్మా, నీకు రోగనిరోధక శక్తి వచ్చేసింది!”

“నిజమేట్రా? మరి గంజి మింగితే నిప్పు మింగినట్టున్నాదేటి?”

“శక్తి ఒంట్లోకి దిగేటప్పుడు అలాగే ఉంటుంది.”

(ఈ మాట ఏ భూతవైద్యుడో అని ఉంటే వేదికెక్కి ఉతికి ఆరేసేవాణ్ణి.)

“శుక్రారం డాక్టరమ్మ కాడికి ఎల్లొద్దా?”

“గెలిచాక మళ్లీ యుద్ధమెందుకు? ఆ మాత్రలే మింగు.”

వీధంతా లడ్డూలు పంచాను. పెద్దమ్మ ఒక్కతే తినలేదు. తినలేకపోయింది. పది రోజులకు పూత గొంతులోకి పాకి మంచినీళ్లు కూడా దిగలేదు. అప్పుడు పెద్దమ్మను తీసుకుని పరుగెత్తాను ఆసుపత్రికి.

డాక్టరమ్మ కాగితం చూసి తమిళంలో అడిగింది: “ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?”

నా అనువాదం వినిపించాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

“సార్, శక్తి వచ్చింది మీ పెద్దమ్మకు కాదు. ఈస్టుకి!”

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. నిఘంటువు తిరగేయగానే వైద్యుడూ కాడు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది: ఈస్టు జన్యువులో చిన్న మార్పు వస్తే చాలు, మందు పట్టుకోవలసిన ఎంజైము రూపం మారి పట్టు దొరకదు. మరో మార్పు వస్తే, లోపలికొచ్చిన మందును బయటికి తోడిపోసే పంపులు కణంలో పెరిగిపోతాయి. మందుకు మామూలు ఈస్టులు చస్తాయి, మొండివి మిగిలి సంసారం పెంచుకుంటాయి.

పరిణామవాదం మీద గంటసేపు ఊదరగొట్టినవాణ్ణి. అది మా పెద్దమ్మ నాలుక మీదే జరుగుతుంటే గుర్తుపట్టలేకపోయాను. పైగా దానికి రోజుకో మాత్ర చొప్పున మేపాను! సిగ్గుతో పెద్దమ్మ మంచం వైపు తలెత్తలేకపోయాను.

వేరే మందు ఎక్కించాక, వారానికి పెద్దమ్మకు గొంతు పెగిలింది. మొదటి మాట నాకే:

“ఒరే, తెలుగుని బతికించు, కాదన్ను. ముందు నన్ను బతకనీ లా!” (మాట చివర ‘లా’ తగిలించడం మలేసియా అలవాటు. దాన్ని నేను తెలుగు చేయలేదు.)

ఇందుమూలంగా యావన్మంది ఈస్టుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: రోగి ముందు ఇక జన్మలో అనువాదం చేయను. మీరు నవ్వింది చాలు. మీ ఇంట్లో ఎవరి పరీక్ష కాగితానికైనా మీరే అర్థం చెప్పి ఉంటే, లేవండి, ఈ రోజే దాన్ని తీసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి.