ఆ ‘విత్’ కొట్టేసిన సారు

మొన్న బోధన్ నుంచి వచ్చిన బస్సు కండక్టర్, మాక్లూర్‌లో మా బడి ముందు దిగి, “మీకు చదువు చెప్పిన ఇంగ్లిష్ సార్ పొద్దుగాల కాలం జేసిండమ్మా” అని చెప్పాడు. చేతిలో చాక్‌పీసుతో గుమ్మంలోనే నిలబడిపోయాను.

సారుది ఉర్దూ చదువు. యాభైల్లో రాష్ట్రం మారి, బోధన్ బడిలో ఉర్దూ పోయి తెలుగు మీడియం వచ్చిన కొత్తల్లో మాకు ఇంగ్లిష్ చెప్పేవారు. అర్థం ఆయనకు ఉర్దూలో తోచేది. తెలుగు మాట మమ్మల్నే అడిగేవారు. ‘పుట్ అప్’ చెప్పిన రోజు ఇంకా గుర్తుంది. చెయ్యి పైకెత్తినా పుట్ అప్పే, డేరా వేసినా పుట్ అప్పే, ఊరి నుంచి వచ్చినవాళ్లను ఇంట్లో ఉంచుకున్నా పుట్ అప్పే. వెనక ‘విత్’ చేరిందంటే మాత్రం ‘బర్దాష్ చేయుడు’ అన్నారు. తెలుగులో ఏమంటారని అడిగితే “ఓర్సుకునుడు” అన్నాం. ఆ మాట ఆయనకు నచ్చి, తనలో తాను మళ్లీ అనుకున్నారు.

నా మెట్రిక్ ఏడాది, బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు మొదలయ్యాక, మా ఊరు ఎడపల్లి నుంచి బడిదాకా ఆడపిల్ల ఒంటరిగా ఆ తోవన నడవద్దని బాపు నా చదువు ఆపేశాడు. సంగతి తెలిసి సార్ భార్యను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు.

“పటేల్, పరీక్షలు అయ్యేదాక బిడ్డ మా ఇంట్ల ఉంటది. మా బేటీ పక్కన పండుకుంటది” అన్నారు.

ముస్లింల ఇంట్లో తిండి ఎట్లా అని అవ్వ, అంటే మా అమ్మ, అడిగింది. వేరే పొయ్యి పెట్టిస్తానంది సార్ భార్య. అవ్వ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి, “ఈమె ఉన్నకాడ పిల్లకు భయం లేదు, పోనియ్” అంది బాపుతో.

వేరే పొయ్యి పెట్టించారు. కొన్నాళ్లకే దాన్ని వెలిగించడం మానేసి, వాళ్లతోపాటే కూర్చున్నాను. ఇల్లు చిన్నది, నా కోసం సార్ మంచం వరండాలోకి మారింది. చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ నా వాక్యాలు దిద్దేవారు. ‘పుట్ అప్ విత్’ వాడి సొంత వాక్యం రాయమంటే, సార్ కుటుంబం నన్ను ఓర్చుకుంటోందని రాశాను. వినయంగా రాశాననే అనుకున్నాను. ఆయన చదివి సాసర్ కింద పెట్టారు.

“గ్రామర్ సరిగ్గనే ఉంది బేటీ. వాడిన జాగ తప్పు. తక్లీఫ్ ఉండి ఓర్సుకునేకాడ గా మాట వాడుతరు. నువ్వుంటే మాకేం తక్లీఫ్?”

‘విత్’ కొట్టేసి, ‘నన్ను’ అనే ఇంగ్లిష్ ‘మీ’ని ‘పుట్’కూ ‘అప్’కూ మధ్యలోకి జరిపారు. ఇప్పుడా వాక్యానికి, వాళ్లు నన్ను ఇంట్లో ఉంచుకున్నారని అర్థం. నాకు ఏడుపు ఆగలేదు. సార్ భార్య వంటింట్లోంచి వచ్చి, పిల్లను ఏమన్నారని ఆయన్నే కోప్పడింది.

పాసయ్యాను, టీచర్నయ్యాను. ఇప్పుడు పిల్లలకు మాట అర్థం చెప్పి ఊరుకోను, ఎక్కడ వాడకూడదో కూడా చెబుతాను.

ఆ మెట్రిక్ పరీక్షలు అయిపోయిన రోజు సార్ నా రేకు పెట్టెను సైకిల్‌కు కట్టి, ఎక్కకుండా నడిపించుకుంటూ మా ఊరిదాకా వచ్చారు. తోవ పొడుగునా ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు. బండి ఎదురైనప్పుడల్లా సైకిల్‌ను పక్కకు దింపి, నన్ను పొలం వైపు నిలబెట్టి, అది దాటిపోయేదాకా చెయ్యి అడ్డం పెట్టేవారు. ఆయన తెల్ల షేర్వాణీ భుజాల మీద ఎండు చెరుకాకు రాలుతూ ఉండేది.