మూడు నిమిషాలైందండి

మొన్న రేపల్లె వెళ్దామని తెనాలి బస్టాండులో కూర్చుని ఉంటే, పక్కన ఒక అమ్మాయి ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడుతూ మధ్యలో మాట వినపడక "అమ్మా, ఉన్నావా?" అంది. ఆ అమ్మాయి మళ్ళీ నంబరు నొక్కి కబుర్లలో పడిపోయింది గానీ, నేను మాత్రం ఎక్కాల్సిన బస్సు ఎదురుగా వచ్చి వెళ్ళిపోతున్నా లేవలేకపోయాను.

నా ఈడువాళ్ళకి ట్రంకు కాల్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. వేరే ఊరికి ఫోను చెయ్యాలంటే పోస్టాఫీసులో బుక్ చేసుకుని, లైను దొరికేదాకా బల్ల మీద కూర్చోవాలి. రేపల్లె నుంచి బాపట్లకి మాట్లాడాలన్నా మా తెనాలి ఎక్స్ఛేంజి బోర్డు మీదుగానే పోవాలి, ఆ బోర్డు ముందు చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని తీగలు కలిపేది మేము, పాతికేళ్ళు కూడా నిండని ఆడపిల్లలం. మా వీధిలో చేతికి వాచీ పెట్టుకుని ఉద్యోగానికి వెళ్ళేదాన్ని నేనొక్కదాన్నే. ముక్కూమొహం తెలియని మగవాళ్ళతో మాట్లాడే ఉద్యోగమేమిటని మా మేనత్త చాలాకాలం మా గడప తొక్కలేదు, అందుకే కాబోలు, నాకు ఆ పని మీద ఇష్టం కంటే పంతం ఎక్కువ. మూడు నిమిషాలు కాగానే మధ్యలో దూరి "మూడు నిమిషాలైందండి, పొడిగించమంటారా?" అని అడగాలి, అవునంటే ఉంచాలి, జవాబు రాకపోతే తీసెయ్యాలి. సెకను అటూ ఇటూ కానివ్వనని నాకు పేరు. ఆ పేరు చూసుకుని మురిసిపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం రేపల్లె నుంచి, కొత్తగా కాపురానికి వెళ్ళిన పిల్ల ఒకతి బాపట్లలో వాళ్ళమ్మకి చేసింది. పక్కింటివాళ్ళ ఫోను దగ్గరికి పరుగున వచ్చినట్టుంది, ఆ తల్లి ఆయాసపడుతోంది. మేము వినకూడదు, కానీ వినేవాళ్ళం. ఆ పిల్ల ఏవేవో పొడిపొడిగా చెప్పి, చివరికి "ఇక్కడ నేను బతకనమ్మా, నువ్వొచ్చి తీసుకుపో" అంది. నా వాచీలో మూడు నిమిషాలూ అయిపోయాయి. అడిగాను. ఇద్దరిలో ఎవరూ పలకలేదు. పలికే స్థితిలో లేరని ఇప్పుడు తెలుస్తోంది, అప్పటి నా లెక్కలో మాత్రం అది జవాబు రాకపోవడమే. ముందు బాపట్ల తీగ లాగేశాను. రేపల్లె తీగ ఇంకా బోర్డులోనే ఉంది.

"అమ్మా, ఉన్నావా?" అంది ఆ పిల్ల. కాస్త ఆగి, మళ్ళీ అదే మాట అంది. వెనక బుకింగులు వరసలో ఉన్నాయి. ఆ తీగ కూడా తీసేశాను.

మర్నాడు పొద్దున్నే రేపల్లె నుంచి అదే బాపట్ల నంబరుకి అర్జంటు కాల్. కోడలు కాలవలో పడి చనిపోయిందని, వాళ్ళమ్మని వెంటనే పంపించమని ఒక మగ గొంతు చెప్పింది. ఇవతల ఫోనెత్తింది పక్కింటావిడ. "ఆవిడ తొలి బస్సుకే బయల్దేరిందండి, పిల్లని తెచ్చుకోడానికి" అంది. ఆ కాల్‌కి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

దినాలయ్యాక ఆ తల్లి నన్ను వెతుక్కుంటూ మా ఆఫీసుకి వచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. "వస్తన్నా తల్లీ, పొద్దున్నే వస్తన్నా అన్నానమ్మా. దానికి వినపడిందంటావా?" అంది. అది నాకే వినపడలేదు, అప్పటికే ఆ తీగ నా చేతిలో ఉంది. ఆవిడ మొహం చూసి, నిజం చెప్పే ధైర్యం లేక, "వినపడిందండి" అన్నాను. ఊరట కలుగుతుందనుకున్నాను, ఎంత తెలివితక్కువదాన్నో.

ఆవిడ, "అయితే నేనొస్తానని తెలిసి కూడా, ఒక్క పూట ఆగలేకపోయిందా" అని, చెంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ బోర్డులు ఇప్పుడు లేవు. ఆడపిల్లలు ఎవరి ఫోను వాళ్ళు పట్టుకుని, ఎంతసేపు కావాలంటే అంతసేపు తల్లులతో మాట్లాడుకుంటున్నారు, మాట తెగితే మళ్ళీ చేసుకుంటున్నారు. చూస్తే కడుపు నిండుతుంది. కానీ ఆ తల్లి బతికినన్నాళ్ళూ కూతురు తన మాట నమ్మలేదనే అనుకుని ఉంటుంది. ఆ పిల్లకి ఆ మాట చేరనే లేదని చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే, నేను చెప్పలేదు.