ఒకేసారి చూపండి

ఈశ్వరప్రసాద్ సారు ఎవరినీ నోటితో జవాబు చెప్పనివ్వడు. ప్రశ్న వేస్తాడు. పలక ఇస్తాడు, బలపం ఇస్తాడు. "రాయండి. బోర్లా పెట్టండి. ఇప్పుడు ఒకేసారి చూపండి." మార్కాపురంలో మా డిగ్రీ కాలేజీలో ఆయన వృక్షశాస్త్రం చెబుతాడు. పక్క గదిలో నేను చరిత్ర చెబుతాను. గోడ అవతలి నుంచి మాటలు వినపడవు. యాభై బలపాల కీచు వినపడుతుంది.

మాది పలకల ఊరు. అయినా ఇరవై ఏళ్ళ పిల్లలు సంచిలో పలకతో బస్సెక్కడం మాకూ కొత్తే.

ఒక ఎండాకాలం ఆయనకు బోధనా ఫెలోషిప్పు వచ్చింది. హైదరాబాదులో కూర్చోబెట్టి, పాఠం ఎలా చెప్పాలో పాఠం చెప్పారు. ఏం అడిగినా ముందు బెంచీ ఇద్దరే జవాబిస్తారని, అందరి చేతా రాయిస్తే అందరూ ఆలోచిస్తారని చెప్పి, తలా ఒక తెల్ల ప్లాస్టిక్ బోర్డు ఇచ్చి పంపారు. ఆయన దాన్ని బీరువాలో పెట్టి, కాలేజీ తెరిచాక రెండు రోజులు మామూలుగానే పాఠం చెప్పాడు. మూడో రోజు ఆటోలో పలకల కట్టలు దిగాయి.

"మార్కాపురంలో పుట్టి ప్లాస్టిక్ పలక పట్టుకుంటే మా తాత లేచి వస్తాడబ్బా" అన్నాడు నాతో.

ఆ రోజు నుంచి హాజరు కూడా పలకమీదే. పేర్లు పిలవడు. ఎవరి పేరు వాళ్ళు రాసి ఎత్తాలి.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. స్టాఫ్ మీటింగుకు పలకలు తెచ్చాడు. ప్రిన్సిపాల్ లక్ష్మీనరసయ్య గారు ఆదివారం కూడా మీటింగు పెడదామా అని అడిగారు. ఎప్పుడూ "సరే సార్" అనే మేము రాశాం, బోర్లా పెట్టాం, ఒకేసారి చూపాం. అన్నిటిమీదా "వద్దు". ఆయన ఒక్కో పలకా చదువుకుంటూ పోయారు. మా చేతిరాత చూసి మేమే భయపడ్డాం.

గేటు ముందు టీ అమ్మే శ్రీశైలమ్మకూ ఒక పలక ఇచ్చాడు. చక్కెర ఎంతో రాసి చూపమన్నాడు. "నాకు రాసే తీరిక యాడుంది నాయనా" అని ఆమె దానితో పాలగిన్నె మూసింది.

సొంత పెళ్ళిచూపులకు గిద్దలూరు వెళ్ళినప్పుడు రెండు పలకలు తీసుకుపోయాడు. ఒకేసారి చూపారు. ఆయన పలకమీద "ఇష్టం". అమ్మాయి పలకమీద "ఆలోచించాలి". పెద్దలు నివ్వెరపోయారు. పెళ్ళి మాత్రం జరిగింది. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నానని ఆమె అంటుంది.

ఒకరోజు పెద్దారవీడు నుంచి ఏబేలు వచ్చాడు. కూలి పని మానుకుని వచ్చాడు. అతని కూతురు ఎలీషబా ఆ క్లాసులోనే, మూడో బెంచీలో కూర్చుంటుంది.

"పాపను డిగ్రీలో చేర్పిస్తిమి సార్. పలకేంది? మళ్ళా ఒకటో తరగతిలో ఏసినారా?"

ఈశ్వరప్రసాద్ అతన్ని వేపచెట్టు కిందికి తీసుకుపోయి ఏదో చెప్పాడు. ఏబేలు తిరిగి వస్తూ కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఇంకేమీ అడగలేదు. చిన్నకొడుక్కని ఒక పలక మాత్రం అడిగి పట్టుకుపోయాడు.

ప్రిన్సిపాల్ అంత తేలిగ్గా వదల్లేదు. ఫెలోషిప్పు వాళ్ళు వచ్చి పాఠం చూస్తారు. వాళ్ళు మెచ్చుకుంటే రెండో ఏడూ ఫెలోషిప్పు, పలకలూ ఉంటాయి. మెచ్చకపోతే రెండూ పోతాయని షరతు పెట్టారు. ఈశ్వరప్రసాద్ ఒప్పుకున్నాడు. ఆ వారమంతా అతను టీలో చక్కెర వేసుకోవడం మరిచిపోయాడు.

ఫెలోషిప్పు తరఫున వందన గారు వచ్చారు. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ పక్కన కూర్చున్నారు. నన్నూ కూర్చోమన్నారు. మా ముగ్గురికీ పలకలు వచ్చాయి.

"చీకట్లో చెట్టు ఏం చేస్తుంది?" అని అడిగాడు ఈశ్వరప్రసాద్.

ఒకేసారి చూపాం. నా పలకమీద "నిద్ర" అని ఉంది. ప్రిన్సిపాల్ నా పలక చూసి రాసినట్టున్నారు. ఆయనదీ నిద్రే. క్లాసు నవ్వింది. వందన గారూ నవ్వారు. పాఠం గట్టెక్కిందనుకున్నాను.

"బాగుంది. ఇక పలకలు దించండి" అన్నారామె. "మూడో బెంచీ అమ్మాయి గాలి పీలుస్తుందని రాసింది. ఎలా తెలిసిందో నోటితో చెప్పమ్మా."

ఎలీషబా లేచింది. పెదవులు కలిశాయి, విడిపోలేదు. మెడనరం బిగుసుకుంది. మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోయింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాకు అప్పుడు తట్టింది. నా క్లాసులో ఆమె హాజరు పక్కమ్మాయి చెబుతుంది. ఆ పిల్ల గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఈశ్వరప్రసాద్ ఆ పిల్లకూ బెంచీలకూ మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"మేడం, నా క్లాసులో నోరు తెరవనీయను. అది నా పిచ్చి. పలక లేకపోతే నాకు పాఠం చెప్పడం రాదు. మీరు అట్లనే రాసుకోండి."

ప్రిన్సిపాల్ కళ్ళు మూసుకున్నారు. రెండో ఏడు పోయిందని ఆ గదిలో అందరికీ అర్థమైంది. చెప్పినవాడికి అందరికంటే ముందు అర్థమైంది.

వందన గారు అతన్ని చూశారు. అతని భుజం పక్కనుంచి పిల్లను చూశారు. తన పలక తుడిచి, ఏదో రాసి ఎత్తారు.

"ఎలా తెలిసింది?"

ఎలీషబా కూర్చుని రాసింది. ఒక వైపు చాలలేదు. తిప్పి రాసింది. పక్కమ్మాయి తన పలక తుడిచి ముందుకు జరిపింది. అది కూడా నింపింది. ఎవరూ కదల్లేదు. కీచుమంటూ ఒక్క బలపం.

రెండో ఏడు వచ్చింది. కబురు తెలిసిన సాయంత్రం శ్రీశైలమ్మ దగ్గర కూర్చున్నాం. మూడో రోజు ఆటోలో పలకలు ఎందుకు దిగాయో, ఆ ముందురోజు హాజరు పిలిచినప్పుడు ఏం జరిగి ఉంటుందో నాకు ఇప్పుడు తెలుసు. ఒక్క పిల్లకు పలక ఇస్తే ఊరంతా ఆ పిల్లనే చూస్తుంది. ఊరందరికీ ఇస్తే ఇచ్చినవాణ్ణి చూసి నవ్వుకుంటుంది. అదే నిజమా అని అడగబోయాను. అతను పలక నా చేతిలో పెట్టాడు.

"రాయి. ఒకేసారి చూపుదాం."

నేను "ఎలీషబా" అని రాశాను. అతను "టీ చల్లారుతాంది" అని రాశాడు.

కాసేపు రెండూ చూసుకున్నాం. తర్వాత అతను చొక్కా చేతితో తుడిచాడు. ముందు నా పలక.